పన్నెండు ఎద్దు కాళ్ళు

పోయిన నెల మా తమ్ముడి పిల్లలతో కలిసి ఊరి బయట ఒక రిసార్టుకు వెళ్ళాను. అక్కడ అన్నం తిన్నాక మనిషిని ఊరికే కూర్చోనివ్వరు. టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు అట్టపెట్టె తెచ్చి, అందులోంచి జానెడేసి కర్ర దిమ్మలు పన్నెండు తీసి గడ్డిలో గుంపుగా నిలబెట్టాడు. ఒక్కోదాని నెత్తిన ఒక్కో అంకె. దూరం నుంచి కర్ర విసిరి వాటిని పడగొట్టాలట. "కొత్త గేమ్ మేడమ్, యూరప్‌ది" అంటూ నియమాలు చెప్పాడు. రెండు తప్పు చెప్పాడు, నేను దిద్దాను. మూడోది నా ముఖం చూస్తూ భయంగా చెప్పాడు. "మీకెలా తెలుసు?" అని అడిగితే నవ్వి కర్ర అందుకున్నాను. ముప్పై ఏళ్ళ కిందట ఈ ఆట కోసమే మూడు ఎద్దుల కాళ్ళు ఎత్తుకుపోయానని చెబితే పోలీసులకు ఫోన్ చేస్తాడు.

చెక్క ఎద్దులే లెండి. కంగారు పడకండి.

మాది బల్లార్షా. కాగితం మిల్లు ఊరు. కొత్తగా వచ్చిన చుట్టాలు రైలు దిగగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ ఉడికిన గోబీ వాసన రాని రోజు మిల్లు ఆగిపోయిందేమోనని బెంగ. బాపు ఆ మిల్లులో ఫిట్టరు. ఆదిలాబాదు వైపు నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి మాకు ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, బజార్లో హిందీ. కోపం వస్తే మూడూ కలిసి వచ్చేవి.

దేశం తలుపులు తెరిచారని, ఇక విదేశాల సరుకంతా లోపలికి వచ్చేస్తుందని బాపు పేపరు చూసి చెప్పేవాడు. ఆ తెలుగు పేపరు రైల్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చేది కాబట్టి తలుపులు మాకు ఒక రోజు ఆలస్యంగానే తెరుచుకున్నాయి. వాటిలోంచి మా ఊరికి వచ్చినవి ఒక కొత్త యంత్రం, దాన్ని బిగించడానికి ఏదో చలిదేశం నుంచి ఆరుగురు తెల్లవాళ్ళు. మా ఎండలకు వాళ్ళ ఒళ్ళు వారంలో మాడిపోయింది. మా బాపు తల్లి, అంటే మా బాపమ్మ, వాళ్ళను చూసి జాలిపడింది. "పాపం, ముల్లంగి లెక్క వచ్చిన్రు, గాజర్ లెక్క అయితుండ్రు" అన్నది.

ఆదివారం పూట ఆ గాజర్లు గెస్ట్‌హౌస్ గడ్డిలో ఈ ఆట ఆడేవి. నేను, పక్క క్వార్టర్లో ఉండే మరాఠీ పిల్లాడు గోడెక్కి చూసేవాళ్ళం. వాడికి బళ్ళో ఏదో పేరుండేది గాని మా ఇంట్లో వాడు పక్కింటోడే. బాపమ్మ చేతి జొన్న రొట్టెలు తిని తిని తెలుగు నేర్చినవాడు. మూడు ఆదివారాలు గోడ మీద కూర్చునేసరికి ఆట లెక్క మాకు పట్టుబడింది. ఒకే దిమ్మ పడితే దాని నెత్తిన ఉన్న అంకె మనది. ఎక్కువ పడితే ఎన్ని పడ్డాయో అంతే. యాభై దగ్గర సరిగ్గా ఆగాలి, దాటితే మళ్ళీ ఇరవై అయిదుకు దిగిపోవాలి. ఈ చివరి నియమం బాపమ్మకు తెగ నచ్చింది. "మంచి ఆట గదా! ఆశపోతోనికి బుద్ధి చెప్పే ఆట" అన్నది.

మేమూ చేసుకోవాలనుకున్నాం. మిల్లుకు వెదురు తెచ్చే లారీల నుంచి రోడ్డు మీద పడిన బొంగులు ఏరి, జానెడు జానెడు కోసి, మొదటి జట్టు తయారు చేశాం. దిమ్మలకు బుడ్డోళ్ళని పేరు పెట్టాం. బొంగు బుడ్డోళ్ళు మరీ అర్భకులు. కర్ర తగలనక్కరలేదు, పక్క నుంచి పోతే చాలు, గాలికే పడేవాళ్ళు. మా క్వార్టర్ల వెనకే రైలు పట్టాలు. ఒకసారి పక్కింటోడి వంతులో మద్రాసు ఎక్స్‌ప్రెస్ పోయింది, నేల అదిరి ఆరుగురు పడ్డారు. ఆరు పాయింట్లు తనవేనని వాడు, రైలువని నేను. జుట్లు పట్టుకున్నాం. చివరికి బాపమ్మ తీర్పు చెప్పింది: "రైలుకు రాసుకోండ్రి." ఆ రోజు ఆటలో రైలు నాకంటే ముందుంది.

బరువు కోసం బొంగుల్లో మట్టి కూరాం. వానాకాలం, మట్టి ఆరదు. కర్ర తగలగానే బుడ్డోళ్ళు నోరు తెరిచి బురద కక్కేవాళ్ళు, ఆరేసిన బట్టల మీద. ఇక విసరడానికి సరైన కర్ర లేదని నేను బాపమ్మ రోకలి తీశాను. అది బుడ్డోళ్ళను దాటి, వేపచెట్టును దాటి, పక్కింటివాళ్ళ మంచినీళ్ళ కుండ దగ్గర ఆగింది. కుండ కూడా అక్కడితో ఆగింది. ఆ పూట నాకు అన్నం లేదు, మరాఠీలో ఒకసారి, తెలుగులో రెండుసార్లు తిట్లు ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చాడు వడ్ల తాత.

మా సందు చివర ఉండే వడ్రంగి. ఆయనా మా వైపువాడే. ఒకప్పుడు మంచాలు చేసేవాడు, ఇనుప మంచాలు వచ్చాక ఎద్దులు చేసేవాడు. మా ప్రాంతంలో పోళా పండుగ నాడు రైతులు నిజం ఎద్దులను అలంకరించి ఊరేగిస్తారు. మర్నాడు చిన్న పోళా. ఆ రోజు పిల్లలు చక్రాల పలక మీద నిలబెట్టిన చెక్క ఎద్దులను తాడు కట్టి లాక్కుంటూ మామిడాకుల తోరణం కిందికి తెస్తారు, తర్వాత ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు దండుకుంటారు. "మా దిక్కు పాణమున్న ఎడ్లకే పండుగ జేస్తరు. గీడ కట్టె ఎడ్లకు సుత జేస్తుండ్రు" అని బాపమ్మ ఏటా ఆశ్చర్యపడేది. వడ్ల తాత ఎద్దులకు ఒక గుర్తుండేది. మంచం కోళ్ళు చేసిన చెయ్యి కదా, ఎద్దు కాళ్ళు కూడా అలాగే గుండ్రంగా, నున్నగా వచ్చేవి. కాలితో తొక్కితే గిర్రున తిరిగే ఖరాదు మీద టేకు ముక్క పెట్టి ఉలి ఆనిస్తే చాలు, మంచి వాసనతో పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలేది. ఆయన ఎద్దు మీద మనిషి కూర్చున్నా ఏమీ కాదనేవాళ్ళు.

మేం వెళ్ళి మా కష్టం చెప్పుకున్నాం.

"పండుగ మీదికొచ్చింది బిడ్డా, నాకు తీరది" అన్నాడు ఆయన తల ఎత్తకుండా. "గా మూలకు పనికిరాని ముక్కలున్నయి. మీకు గావాల్సినయి ఏరుకోండ్రి."

మూలలో ముక్కలు చాలానే ఉన్నాయి. ఆ పక్కనే ఒక గోనెసంచీ కూడా ఉంది. అందులో జానెడు పొడుగు, నున్నటి గుండ్రటి దిమ్మలు. లెక్కపెడితే సరిగ్గా పన్నెండు. ఇంత నున్నటివి పనికిరాని ముక్కలెలా అవుతాయని నాకు అనుమానం వచ్చిన మాట నిజం. ఆ అనుమానాన్ని కూడా సంచీలో వేసుకుని మూతి కట్టాను. పక్కింటోడు "చల్, చల్" అంటూ ముందే గేటు దాటాడు.

బాపు హాక్సాతో పైభాగాలు ఏటవాలుగా కోశాం, తెల్లవాళ్ళ దిమ్మల్లాగే. ఇనుప సలాక పొయ్యిలో ఎర్రగా కాల్చి ఒకటి నుంచి పన్నెండు దాకా మరాఠీ అంకెలు అచ్చు వేశాం. నా చెయ్యి రెండుచోట్ల కాలింది, చెప్పుకోలేదు. విసరడానికి విరిగిన పార కామ. ఇక ఆట మొదలైతే, అబ్బ, ఏం మోత! టేకు మీద కామ పడితే సందు చివరికి వినిపించేది. నాలుగు రోజులు సందులో పిల్లలంతా మా వాకిట్లోనే. బాపమ్మ కూడా చీర ఎగ్గట్టి ఒక్కసారి విసిరింది. పన్నెండో నంబరొక్కటే పడింది. ఆ తర్వాత బతిమాలినా మళ్ళీ ఆడలేదు, గెలిచినప్పుడే ఆపాలంది.

పోళాకు రెండు రోజుల ముందు బాపమ్మ నన్ను వడ్ల తాత ఇంటికి పంపింది, బాగుచేయమని ఇచ్చిన కవ్వం తెమ్మని. వెళ్ళేసరికి ఖరాదు ఆగి ఉంది. తాత గడపలో రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కోడలు చీపురు పట్టుకుని ఎవరికో చెబుతున్నట్టు గోడకు చెబుతోంది. ఆమె పొద్దంతా బజార్లో కూరగాయలమ్మేది, ఇంట్లో ఆయన ఏం చేసేదీ చూసేది కాదు.

"పన్నెండు కాళ్ళు జేసిన అంటడు. ఏడున్నయి మరి? సంచిల లేవు, ఇంట్ల లేవు. మొన్న అన్నం తిని మల్ల తినలేదన్నడు. నిన్న అద్దాలు నెత్తి మీద వెట్టుకొని ఇల్లంత దేవులాడిండు. మతి పోయింది మనిషికి."

తాత నన్ను చూశాడు. "చేసినట్టే యాదికున్నది బిడ్డా" అన్నాడు మెల్లగా. "ఆఖరి మూడు ఎడ్లకు. చేతులకు గూడ యాదికున్నది. కని లేవు. అంటే చెయ్యలేదన్నట్టే గదా."

"మల్ల చెయ్యరాదా తాతా?" అన్నాను, తేలు కుట్టిన దొంగలా నిలబడి.

"ఎట్ల చెయ్యాలె? చేసినయే చేసిన్నో లేదో ఎరుక లేనోణ్ణి. ఆ ముగ్గురు పోరగాండ్లకు ఎద్దుల్లేవని చెప్పి పంపిస్త. ఉలి పట్టేది ఇగ బందు."

కవ్వం తీసుకుని ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. నాకు పదకొండేళ్ళు. అబద్ధాలు, దెబ్బలు, మార్కులు, అన్నీ నాకు అలవాటే. కానీ ఒక మనిషి తన బుర్రను తానే నమ్మకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. దానికి కారణం మా మంచం కింద సంచీలో ఉంది.

పక్కింటోడు గట్టి ఆలోచన చెప్పాడు. "సింపుల్ గద. తాత పండుకున్నప్పుడు సంచిల మల్ల పెడదాం. దొరికినయనుకుంటడు. ఖతం."

పోళా ముందు రోజు మధ్యాహ్నం, తాత కునుకు తీసే వేళ, కోడలు బజారుకు పోయాక, పన్నెండు కాళ్ళూ ఆ సంచీలోనే పెట్టి వచ్చాం. మంచిపని చేసిన హాయితో ఆ రాత్రి నిద్రపోయాను కూడా. మేం ఎంత తెలివైనవాళ్ళమో మర్నాడు తెలిసింది.

మర్నాడు పోళా. వంటింట్లో శనగపప్పు, బెల్లం ఉడికే వాసన. నేను మొదటి పోలెను, అదే బొబ్బట్టును, నెయ్యిలో ముంచి నోట్లో పెట్టుకుంటుంటే బాపమ్మ బయటి నుంచి వచ్చి చతికిలబడింది.

"అయ్యో, గా వడ్లాయనకు నిజంగనే మతి పోయిందట! కాళ్ళు దొరికినయి సంచిల్నే. కని ఏం జేసిండెరుకేనా? ఎద్దు కాళ్ళన్ని వంకరగ కోసి, కాల్చి నంబర్లేసిండట! ఎందుకేసిన్నో నాకే తెలుస్తలేదని ఏడుస్తుండట. పండుగ కాంగనె నాగపూర్ పెద్ద దవాఖానకు తోల్కపోతరట."

అంటూనే, తాను పడగొట్టిన పన్నెండో నంబరు గుర్తొచ్చినట్టు నా వైపు చూసింది. పోలె నా గొంతులో అడ్డం పడింది. అంతకుముందు తాత చేసిన పని మర్చిపోయాననుకున్నాడు. ఇప్పుడు చెయ్యని పని కూడా చేశాననుకుంటున్నాడు. దీనికి కారణం మా సాయం. బాపమ్మ నా వీపు మీద చరిచి నీళ్ళు తాగించింది, నేను నీళ్ళతో పాటే అంతా కక్కేశాను. ఆమె చెయ్యి ఎత్తింది, కొట్టలేదు. "నాకు చెప్పుడు కాదు. పో. ఆయనకు చెప్పు" అన్నది.

వెళ్ళాను. పక్కింటోడికి సరిగ్గా అప్పుడే కడుపునొప్పి వచ్చింది కాబట్టి ఒక్కదాన్నే వెళ్ళాను. తాత ముందు ఆ పన్నెండు కాళ్ళూ వరసగా ఉన్నాయి. వాటి వంక చూస్తూ కూర్చున్నాడు.

"తాతా, అవి నేనే ఎత్తుకపోయిన. నంబర్లు నేనే ఏసిన" అని ఒక్క ఊపిరిలో చెప్పి, దెబ్బ కోసం కళ్ళు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. కోడలు వచ్చి నా తల నిమిరింది. "మంచి మనసు బిడ్డా నీది. ముసలాయన దుఃఖం జూడలేక తప్పు మీదేసుకుంటున్నవ్. మీ బాపమ్మ మంచిగ పెంచింది" అంది. తాత కూడా కళ్ళు తుడుచుకుని నాకొక బెల్లం ముక్క ఇచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక పూర్తి నిజం చెప్పిన మొదటిసారి నా గతి ఇది.

రుజువు కావాలి. ఆడిన పిల్లలను సాక్ష్యానికి పిలిస్తే వాళ్ళదీ మంచి మనసేనంటారు. హాక్సాతో కోసిన పన్నెండు పైముక్కలు గుర్తొచ్చాయి. అవి పక్కింటోడి చెల్లెలి బొమ్మరింట్లో పీటలుగా ఉన్నాయి. పరుగెత్తాను. ఆ పిల్ల పదకొండు ఇచ్చింది, పన్నెండోదాని మీద ఆమె బొమ్మ భోజనానికి కూర్చుని ఉంది, తిన్నాకే ఇస్తానంది. ఆ బొమ్మ భోంచేసినంత సేపు పెళ్ళివారు కూడా భోంచేసి ఉండరు.

ముక్కలన్నీ ఒళ్ళో పోసుకుని వచ్చి తాత ముందు గుమ్మరించాను. ఆయన ఒకటి తీసుకున్నాడు. అద్దాలు పెట్టుకోలేదు, వేళ్ళతోనే తడిమాడు. ఒక కాలు తీసి దాని మీద ఆనించాడు. కుదరలేదు. ఇంకో కాలు. కట్టె గీతకు గీత కలిసింది.

"రంపం తిన్నంత పోయింది" అన్నాడు తనలో తాను. "గిది నా రంపం కోత కాదు. గిట్ల గీసి గీసి కోసేది ఎవలో పనిరానోళ్ళు." ఇంకొకటి. ఇంకొకటి. ఆయన వేళ్ళు వేగం పుంజుకున్నాయి. పన్నెండు ముక్కలూ పన్నెండు కాళ్ళ మీద కూర్చునేసరికి నన్ను చూశాడు. నా చేతి మీద కాలిన మచ్చలు చూశాడు. చెయ్యి పట్టుకుని అంకె పక్కన పెట్టి చూశాడు.

తర్వాత ఒక్క ఉదుటున లేచాడు.

"ఓ కోడలా! నా మతి ఏడికి పోలేదు! దొంగలు వడ్డరు! నా ఇంట్ల దొంగలు వడ్డరు!"

చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి పరుగెత్తాడు. పండుగకు ఎద్దుల కొమ్ములకు రంగు వేస్తున్నవాళ్ళు, పోలెలు వత్తుతున్నవాళ్ళు అందరూ బయటికి వచ్చారు. "దొంగతనమైంది! నేనే చేసిన, పన్నెండు చేసిన, ఎత్తుకపోయిన్రు!" అని ఒక్కొక్కరి భుజం పట్టి ఊపి చెబుతున్నాడు. మనవడు పుట్టినంత సంబరంగా చెబుతున్నాడు. ఏం పోయిందని కంగారుగా అడిగినవాళ్ళు ఆయన నవ్వు చూసి తికమకపడ్డారు. దొంగ ఎవరంటే నన్ను ముందుకు లాగి చూపించాడు, బడిలో బహుమతి వచ్చిన పిల్లను చూపించినట్టు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, ఆయన్ను చూసి ఏడుపూ వచ్చింది.

శిక్ష మాత్రం తప్పలేదు. ఆ పోళా సాయంత్రం ఊరంతా ఎద్దుల ఊరేగింపు చూస్తుంటే నేను ఖరాదు తొక్కాను. కడుపునొప్పి తగ్గిన పక్కింటోణ్ణి బాపమ్మ చెవి పట్టుకుని తెచ్చింది. పిక్కలు పట్టేసేదాకా ఇద్దరం వంతులేసుకుని తొక్కాం. ఒక్కో కొత్త కాలు ఖరాదు దిగగానే తాత గట్టిగా లెక్కపెట్టేవాడు: "ఏడు! యాదికుంచుకోండ్రి, నాకైతే యాదికుంటది." మర్నాడు మూడు ఎద్దులూ తోరణం కింద నిలబడ్డాయి. పాత కాళ్ళు మాకే ఇచ్చేశాడు. "కాల్చినోళ్ళే ఉంచుకోండ్రి" అన్నాడు.

ఆ తర్వాత చాయ్ బండి దగ్గర ఆ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పగా చెప్పగా దొంగలు పెరిగారు. మొదట ఇద్దరు పిల్లలం, తర్వాత నలుగురు మగవాళ్ళు, ఒక ఏడాదికి లారీ కూడా వచ్చింది. నేను పక్కనే ఉంటే "అడుగుండ్రి గీ పోరిని, ఈమెకు ఎరుకే" అనేవాడు. నేను తలూపేదాన్ని.

మూడు నాలుగేళ్ళు గడిచాయి. ఒకరోజు తాత కోడలు మా గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"బిడ్డా, ఆయన ఉలి యాడనో పెట్టి మర్చిపోయిండు. నిజంగనే మర్చిపోతుండు ఇగ. పొద్దటిసంది అన్నం ముడుతలేడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "జర వచ్చి నువ్వే తీసినవని చెప్పరాదు?"

వెళ్ళి చెప్పాను. తాత నన్ను అరగంట తిట్టాడు, తర్వాత రెండు రొట్టెలు తిన్నాడు. అప్పటి నుంచి కబురు వచ్చినప్పుడల్లా వెళ్ళేదాన్ని. ఉలి, చిత్రిక పట్టే రందా, అద్దాలు, ఒక కాలి చెప్పు, గోడ మీది క్యాలెండరు, అన్నీ నేనే తీశానని ఒప్పుకున్నాను. "నాకు ఎర్కే! నా మతి మతే!" అని ఆయన గెలిచినవాడిలా అందరి వైపూ చూసేవాడు. నాకు కాలేజీ వయసు వచ్చినా ఆయన దృష్టిలో ఆ సందుకు దొంగను నేనే.

చివరిసారి పిలిచినప్పుడు చంద్రపూర్ కాలేజీ నుంచి సెలవుకు వచ్చి ఉన్నాను. తాత బాగా చిక్కిపోయాడు. గడపలోనే కూర్చుని ఉన్నాడు.

"మా ముసల్ది కనవడ్తలేదు పొద్దుగాలసంది" అన్నాడు.

ఆయన భార్య నేను పుట్టకముందే పోయింది. కోడలు నా ముఖం చూడలేక లోపలికి వెళ్ళింది.

"దాన్ని గూడ నువ్వే దాసినవా?"

ఆయన పక్కనే గడపలో కూర్చున్నాను. "అవ్ తాతా, నేనే" అన్నాను.

"ఎర్కే నాకు. ఈడనే కూసున్నది, ఈడనే. నాకు మంచిగ యాదికున్నది." నా నెత్తి మీద మెల్లగా ఒక మొట్టికాయ వేశాడు. "రేపు తెచ్చియ్యి."

తెచ్చిస్తానని చెప్పి, గేటు దాకా నవ్వుతూనే వచ్చి, గేటు దాటాక ఏడ్చాను. ఆయన ముందు ఎన్ని దొంగతనాలు ఒప్పుకున్నానో లెక్కలేదు. నిజంగా చేసింది ఒక్కటే, మాట ఇచ్చి తెచ్చివ్వలేకపోయింది కూడా ఒక్కటే.